పదును పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం (తేటగీతి)

పులసకుం గత్తిపీటయే వలయు గాక
పనసపొట్టుకు బరువైన పదునె మేలు
కక్కుకొడవలి చేలలోఁ గలసి నవ్వు
నీళ్ళు చల్లని సానతో నిప్పు రాలు

అవతారిక: కర్త ధవళేశ్వర వాస్తవ్యుడు, పేరు తెలియదు. టీకాకారుడే అయివుండవచ్చునని కొందరి అనుమానం. వీధిలోకి సానబండి రాగానే ఇంట్లో ఇనుమంతా పోగేసి తెచ్చి "అన్నీ బాగా పదును పెట్టు బాబూ" అనే గృహస్థులనుద్దేశించి చెప్పిన పద్యమిది. ఈ శాస్త్రంలో "బాగా" అనే మాటకు అర్థం లేదు. "దేనికి?" అన్నదే మొదటి ప్రశ్న.

ప్రతిపదార్థం: పులసకున్ = వరద గోదావరికి ఎదురీది వచ్చిన చేపకు; కత్తిపీటయే = కత్తిపీట మాత్రమే; వలయున్ గాక = కావలయును గదా; బరువైన పదునె = బరువు దన్నుగా గల అంచే; కక్కుకొడవలి = పళ్ళు కొట్టించిన కొడవలి; తక్కినవి సుగమములు, నాలుగో పాదం తప్ప.

టీక: 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుంచి పులస ఎదురీతకు ధవళేశ్వరమే అడ్డు. సముద్రం విడిచి ఇంత దూరం వచ్చిన జీవిని మొద్దు చాకుతో నలపడం అతిథి మర్యాద కాదు. అలాగని అద్దంలా నున్నగా తీసిన అంచూ పనికిరాదు, జిగట చర్మం మీద జారిపోతుంది. ఆకురాయితో నాలుగు రాపిళ్ళు రాపిన గరుకు అంచైతే కరచిపట్టుకుంటుంది. పైగా పీట మీద కత్తి కదలదు, చేపే కదులుతుంది. బూడిద అద్దుకున్న చేతులు రెండూ చేప మీదే ఉంటాయి గనుక ముల్లు ఎక్కడ అడ్డుతగిలిందో వేళ్ళకే తెలుస్తుంది. పులసకు ముళ్ళు ఎన్నని అడగరాదు. "కత్తిపీటయే" అన్న ఏకారానికి ఇదీ బలం.

రెండో పాదంలో, పదునుకు బరువేమిటని ఆక్షేపణ. రాజమండ్రి బజారులో పనసపొట్టు కొట్టేవారి ఎదుట ఒక్క నిమిషం నిలబడితే ఆక్షేపణ పోతుంది. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసిన లేతకాయ మీద టకటకా వేసే దెబ్బల్లో పని చేసేది కత్తి బరువు. అంచు దారి చూపితే చాలు. కూరగాయల చాకుకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలు సరిపోతుంది. పొట్టు కత్తిని అంత పలచన చేస్తే కొద్దిసేపటికే అంచు ముడుచుకుంటుంది. దానికి 25 నుంచి 30 ఉండాలి.

శంక: మరి గోదావరి సీమలో అతి సన్నని పదునుకు చోటే లేదా? సమాధానం: ఉంది, తాడిచెట్టు మీద. గెల కొసను రేకులా చెక్కే గీత కత్తి మొద్దుబారితే కొస నలిగి కల్లు ఊరదు. పద్యంలో దాని ఊసు లేకపోవడానికి గణాలు కుదరకపోవడమే కారణం.

మూడో పాదం తేలిక. పళ్ళున్నది గనుక నవ్వుతుంది. వరిగడ్డిలోని సిలికా నున్నటి అంచును ఇట్టే అరగదీస్తుంది, కక్కులైతే ఇంకా కోస్తూనే ఉంటాయి. ఆ పళ్ళు కొలిమి దగ్గర ఉలితో కొట్టించవలసినవి. సానకిస్తే మిగిలేది బోసినవ్వే.

నాలుగో పాదంలో "చల్లని" అంటే శీతలమైన అని కొందరి వ్యాఖ్య. శీతలమైన సాన నిప్పెట్లా రాలుస్తుందని అడిగితే కవితా చమత్కారమన్నారు. ఆనకట్టకు రాయినిచ్చిన ఇసుకరాతి కొండ కిందే పుట్టి సాన ఎరగని పాండిత్యమది. చల్లని అంటే చిలకరించని. పొడిచక్రం మీద రాలే రవ్వలు చూడటానికి పిల్లలు మూగుతారు గానీ, ఆ రాలేది మన కత్తే. పలచటి అంచు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాగిందంటే నీలం తిరిగి, ఉక్కు మెత్తబడుతుంది. ఇక ఆ నీలం ఉన్నంత మేరా అరగదీయవలసిందే. అప్పటికి పెద్దకత్తి కాస్తా చాకవుతుంది.

కాబట్టి సానబండి గుమ్మం ముందు ఆగగానే చెంబెడు నీళ్ళు పట్టుకెళ్ళాలి. ధవళేశ్వరం ఎండకు మొదటి చెంబు ఆయనే తాగేస్తాడు. చక్రానికి రెండోది.