లేవని కన్నుకు టీక

ఆ.వె. కన్ను లేవదన్న కారుకు మందిదే
ఫ్యూజు చూడు మొదట పోయెనేమొ
తీగ తుప్పు గీకి తిప్పుము చేతితో
రెప్ప లెత్తునపుడు రేయి వెలుగు

అవతారిక: ఈ పద్యమునకు కవియు వ్యాఖ్యాతయు ఒక్కడే. కావున నడుమ నడుమ కవిని పొగడినచో పాఠకులు మన్నింతురు గాక.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి రాకమునుపు చిట్యాల కలదు. ఆ దారిన లారీలకు, బస్సులకు, సంక్రాంతి కార్లకు లెక్క లేదు గాని, దీపములను బానెట్‌లో దాచుకొని అవసరమైనపుడు పైకెత్తు కారు కానరాదు. విదేశములో వాడిన కారు మూడేండ్లు దాటినచో సాధారణముగా మన రేవున దిగనీయరు. మరి అట్టి కన్నులు గల, 1989లో పుట్టిన మాజ్దా ఎమ్మెక్స్-5 ఇటకెట్లు వచ్చును? టెక్సాస్‌లో చవకగా దొరికినదని కొన్న నల్లగొండ పిల్లవాడెవడో, "అన్నా, ఒక్క కన్ను లేస్తలేదే" అని చిట్యాల కరెంటు మేస్త్రీకి వీడియో కాల్ చేయవలెను. పద్యమందలి "అన్న" ఆ మేస్త్రీయే.

ప్రతిపదార్థము: అన్న = ఓ అన్నా; కన్ను = దీపపు గూడు; లేవదు = స్విచ్చు వేసినను పైకి రాదు; కారుకు = అట్టి కారునకు; మందు ఇదే = చికిత్స ఇదియే; ఫ్యూజు మొదట చూడు; పోయెనేమొ = కాలిపోయెనేమో; తీగ తుప్పు = వైరు కొసలకు పట్టిన పచ్చని చిలుము; గీకి = గరుకు కాగితముతో రాచి; చేతితో తిప్పుము = మోటారు తలపై గుబ్బను త్రిప్పుము; అపుడు; రెప్పలు ఎత్తును; రేయి వెలుగు = రాత్రి వెలుగును.

తాత్పర్యము: ఖర్చు లేనిది ముందు, వంగి చేయవలసినది తరువాత, మోటారు విప్పుట అన్నిటికిని కడపట.

విశేషములు: ఇచట నొక ఆక్షేపము. ఎమ్మెక్స్-5లో రెండు కన్నులకు రెండు మోటార్లున్నను, వాటికి కరెంటు పోవునది 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కదాని గుండానే. అది కాలినచో రెండును లేవవు. ఒక్కటి లేచి ఒక్కటి లేవకున్న ఫ్యూజు నిర్దోషి. "కన్ను" అని ఏకవచనము వేసిన కవి ఫ్యూజును మొదట చూడుమనుట ఏల? సమాధానము: అది జాత్యేకవచనము. "ఆవు పాలిచ్చును" అన్నపుడు ఆవు ఒకటే కాదు గదా. ఈ సమాధానము చాలదనువారికి ఇంకొకటి కలదు. "చూడు" అనగా ఊరక చూచుట కాదు, పీకి చూచుట. మూడవ పాదములో చేయి పెట్టబోవు చోట మోటారున్నది. ఫ్యూజు ఉండగా గుబ్బ త్రిప్పినచో కరెంటు అకస్మాత్తుగా అంది మోటారు కదలును, వ్రేళ్లు నలుగును. కావున ఒక కన్నే మొరాయించినను ఫ్యూజు పీకవలసినదే. కవి దూరదృష్టి ఇట్టిది.

"తీగ తుప్పు గీకి" అన్నచోట మేస్త్రీ ఒక పాఠము దిద్దెను: "తీగ విప్పి గీకి". ఛందస్సు చెడలేదు, పని బాగుపడినది. విప్పకుండ గీకినచో పైపై మెరుపే గాని ఎర్తు పడదు. పాత కార్లలో సగము రోగములు బాడీ ఎర్త్ వదులుట వలననే అని ఆయన మతము. వానాకాలమున చిట్యాల రైలు వంతెన కింద నిలిచిన నీళ్లలో దిగివచ్చిన బండ్లను చూచినవాడు గనుక ఆ మతమును కాదనలేము. టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, ఒక కొస ఎర్తు తీగకు తగిలించి, అది మిణుకుమన్న చోట గరుకు కాగితము పట్టవలెను.

"తిప్పుము చేతితో": రబ్బరు మూత తీసిన గుబ్బ కనబడును. ఇది అనాగరిక పద్ధతి యని నవ్వరాదు. దీపములు దాచుకొన్న తొలి కార్లలో ప్రసిద్ధమైన 1936 నాటి కార్డ్ 810లో డ్రైవరు డ్యాష్‌బోర్డుపై రెండు చేతిపిడులు త్రిప్పియే కన్నులు తెరచెడివాడు. అచట చికిత్స కాదు, అదియే నిత్యకృత్యము. త్రిప్పునపుడు చెవి కూడ పెట్టవలెను. ఫ్యూజు మరల వేసి స్విచ్చు నొక్కగా మోటారు మ్రోగి కన్ను లేవకున్న లోపలి పళ్లచక్రమో ప్లాస్టిక్ ముక్కలో అరిగినవి. కార్వెట్ కార్లలో ఇది పేరు మోసిన జబ్బు. చప్పుడే లేకున్న కరెంటు రాలేదు, రిలే దాక వెనుకకు నడువవలెను.

1968 నుండి 1982 వరకు వచ్చిన కార్వెట్లకు ఈ పద్యము పనికిరాదు. వాటి కన్నులను ఎత్తునది ఇంజను పీల్చు గాలి. రబ్బరు గొట్టము ఎచట పగిలెనో వెదకవలెను. వాటికి కందములో వేరే చెప్పవలసియున్నది.

అలంకారము: భ్రాంతిమంతము. ఒంటికంటితో రాత్రి ఎదురు వచ్చు కారును లారీ డ్రైవరు మోటారు సైకిలుగా భ్రమించి, ఉన్నంత దారి తనదే ననుకొనును. కావ్యములలో ఈ అలంకారము వలన తుమ్మెదలు మోసపోవును. రహదారిపై ప్రాణములు పోవును. ఇది వట్టి పద్యపు సొగసు కాదని మేస్త్రీ కోపముగ చెప్పెను.

కడపటి పాదముపై నాకే ఒక అభ్యంతరము. రెప్ప ఎత్తుట వేరు, వెలుగుట వేరు. ఎమ్మెక్స్-5లో దీపము వెలిగించకుండ గూళ్లను మాత్రమే ఎత్తు మీట ప్రత్యేకముగ కలదు. అది నొక్కిన లేచి, దీపపు స్విచ్చు వేసిన లేవకున్న దోషము స్విచ్చు వైపు. లేచియు వెలుగకున్న బల్బును, దాని ఫ్యూజును చూడవలెను. కవి దీనిని గూర్చి మాటాడలేదు. అడుగగా, యతి కుదరలేదనెను.