పంచెకు పట్టీయా, గొలుసా?

స్కాట్లండు మగవాళ్లు కట్టే కిల్టుకు జేబుండదు. మన పంచెకూ ఉండదు. వాళ్లు ఆ లోటును దాచుకోలేదు. నడుముబెల్టు బకిలుకు నాలుగు వేళ్ల దిగువన స్పోరన్ అనే సంచిని అందరికీ కనపడేలా వేలాడదీసుకున్నారు. పగలు తోలుపట్టీ, రాత్రి విందుకు గొలుసు అని మర్యాద పెట్టుకున్నారు. వెనకవైపు గొలుసు ఉన్నికుచ్చిళ్లను అరగదీస్తుందని అక్కడ మటుకు తోలే ఉంచుకున్నారు. డాన్సు మొదలైతే సంచిని తుంటి మీదకు తిప్పుకుంటారు. యూసుఫ్‌గూడలో మనం పంచె కట్టేదే బంధువుల పెళ్లికి. ఆ పూటకి ఫోను, పర్సు, బండి తాళంచెవి మన ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పడేసి, పొద్దుగూకేదాకా ఆ బ్యాగు వెనకాలే తిరుగుతాం. అలాంటి పంచెధారుల క్షేమం కోరి ఈ సూచనలు.

ముందుగా మొలతాడు తెంపి పారేయండి. పుట్టిన కొద్దిరోజులకే పెద్దవాళ్లు కట్టిన తాడది. తాతల కాలంలో గోచీ నిలిచింది దాని మీదే, ఇనప్పెట్టె తాళంచెవి వేలాడిందీ దానికే. జిమ్ములో చూసేవాళ్లకి బాగుండదు కాబట్టి పోనివ్వాల్సిందే. ఆ తర్వాత పంచె నిలవడం లేదని బెల్టు కోసం అమీర్‌పేట దుకాణాలన్నీ తిరగవచ్చు.

బెల్టు కొనేటప్పుడు ఆఫీసుకు కూడా పనికొచ్చే నల్లతోలుదే కొనండి. తోలుబెల్టుకు ఒక బలహీనత ఉంది. ప్యాంటుకున్న లూపులు లేకపోతే దానికి పట్టు దొరకదు. బెటాలియన్ కానిస్టేబులు బెల్టు ఎంత పరుగెత్తినా కదలదంటే లూపుల పుణ్యమే. కిల్టుకు కూడా స్పోరన్ పట్టీ దూర్చడానికి వెనకాల రెండు లూపులు కుడతారు. పట్టుపంచెకు ఏవీ ఉండవు. నూలు మీద నూలు ఆగుతుంది, పట్టు మీద తోలు జారుతుంది. అందువల్ల మీరు బెల్టును ఒక బొక్క బిగిస్తారు, తర్వాత ఇంకో బొక్క. భోజనాల వేళకు ఊపిరాడదు, పంచె మాత్రం మునుపటిలాగే జారుతూ ఉంటుంది.

పశువుల సంతల్లో వ్యాపారులు లుంగీ మీద బిగించే వెడల్పాటి పచ్చబెల్టు ఉందే, దానికి జేబులుంటాయి. చొక్కా కప్పితే ఎవరికీ కనపడదు, చేత్తో తడిమితే డబ్బుందో లేదో తెలుస్తుంది. నన్నడిగితే స్పోరన్ దాని ముందు దిగదుడుపే. అలాంటిది పెళ్లికి వేసుకెళ్తే మర్యాదస్తుల మధ్య ఏం బాగుంటుంది? వద్దు.

ఇక గొలుసు. వెండి మొలతాడు ఉన్నవాళ్లు తప్పకుండా దాని మీదే పంచె బిగించి, మెట్రోలో బయల్దేరండి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా రైళ్లు 2019 మార్చి 20న మొదలయ్యాయి, యూసుఫ్‌గూడ స్టేషనూ ఆ దారిలోనిదే. ఎస్కలేటరు మీద ఒక చేత్తో అంచు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో కుచ్చిళ్లు అదిమిపట్టుకుని పైకి చేరతారు. తలుపుచట్రం దాటగానే యంత్రం కుయ్యిమంటుంది. "సార్, చేతులు పైకెత్తండి" అంటాడు సెక్యూరిటీ కుర్రాడు. పంచెధారణలో మీ ప్రావీణ్యం ఎంతో లోకానికి తెలిసే ఘడియ అదే. వెనక క్యూలో ఉన్నవాళ్లు కూడా ఓపిగ్గా చూస్తారు.

గొలుసూ వద్దు, పట్టీ వద్దు అనేవాళ్లకి తిరుప్పూరు వైపునుంచి వెల్క్రో పంచెలు వస్తున్నాయి. అతికించుకోవడమే, జేబు కూడా ఉంటుంది. ఎనిమిది మూరల పంచె కట్టడం నాన్న దగ్గర నేర్చుకునే బాధ తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: మంగళసూత్రధారణ వేళ అక్షింతలు వేయడానికి గభాల్న లేవకండి. సన్నాయి ఎంత గట్టిగా మోగుతున్నా ఆ చర్రుమనే చప్పుడు పైకి వినపడుతుంది.

కృష్ణానగర్ దగ్గరే కదా, సినిమావాళ్లని చూసి నేర్చుకుందాం అనుకుంటారేమో. పౌరాణికాల్లో రాజుకు నడుంపట్టీ ఉంటుంది, గొలుసులు వేలాడతాయి, ముత్యాల కుచ్చులు కూడా. డబ్బుసంచి మాత్రం ఉండదు. రాజుగారు ఆటోకి చిల్లర ఇవ్వడం ఏ సినిమాలోనైనా చూశారా?

అసలు సిసలు స్పోరన్ తెలంగాణలో ముసలమ్మల నడుముకు ఉండేది. చంచి. నాలుగైదు అరల గుడ్డసంచి, రెండు తాళ్లు లాగితే మూతి బిగుసుకుంటుంది. ఒక అరలో ఆకు, ఒక అరలో వక్క, సున్నపు కాయ, అన్నిటికన్నా లోపలి అరలో మడతపెట్టిన నోట్లు. పిల్లలెవరూ అవ్వకు తెలియకుండా అందులోంచి రూపాయి తీయలేరు. పట్టీయా గొలుసా అన్న బెంగ ఆమెకు లేదు, తాడు చాలు. మీరు మాత్రం అవ్వ చంచిని అటకెక్కించి, అలాంటిదే బొటిక్‌లో ఎథ్నిక్ పౌచ్ అని అమ్మితే అడిగినంత ఇచ్చి కొనుక్కోండి. బేరమాడితే పరువు పోతుంది.

సంచి దొరికాక దాన్ని ఎక్కడ పెట్టాలి? రొండిన దోపుకోవద్దు. బీడీకట్టకూ నాలుగు బిళ్లలకూ అలవాటైన చోటది, 200 గ్రాముల ఫోను మోయదు. లాల్చీ పక్కజేబులో వేస్తే ఒక భుజం కిందకి లాగేస్తుంది. పైజేబులో వేస్తే పెద్దల కాళ్లకు వంగినప్పుడు వాళ్ల పాదాల మీదే పడుతుంది. స్కాట్లండువాళ్లలా ముందే వేలాడదీశారా, బంతిలో కూర్చున్నాక అది ఆకులోని పప్పులోకి దిగుతుంది, అందుకని వాళ్లు డాన్సుకు తిప్పుకున్నట్టు మీరు భోజనానికి పక్కకు తిప్పుకోవాలి. బఫే అయితే ఒక చేతిలో పళ్లెం, రెండో చేతిలో కుచ్చిళ్లు. ఐస్‌క్రీము మీద ఆశ వదిలేసుకోండి.