దెయ్యం ముందు ఉపన్యాసం

అక్టోబరు వచ్చిందంటే నాకు సినిమా చరిత్ర మీద ఎక్కడలేని పాండిత్యం పుట్టుకొస్తుంది. మిగతా కాలమంతా ఏ సినిమా ఎవరు తీశారని అడిగినా ‘రాఘవేంద్రరావు గారేమో’ అని తప్పించుకునే మనిషిని. అక్టోబరులో మాత్రం, 1931 నాటి ‘డ్రాకులా’లో బెలా లుగోసీకి కోరలు ఒక్క షాట్‌లో కూడా కనిపించవని అడక్కుండానే చెప్పేస్తాను. అడక్కుండా అన్నది గమనించండి. మా ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు.

మేముండేది డాలస్ శివార్లలో. ఇక్కడ సెప్టెంబరు చివర్నించే హాలోవీన్ సందడి మొదలు. వినాయకుడి పత్రి ఇంకా ఎండకముందే ఎదురింటి గడ్డిలో 12 అడుగుల అస్థిపంజరం లేచి నిలబడుతుంది. ఇక టీవీ సంగతి చెప్పక్కర్లేదు. పాత సినిమాలు వేసే టీసీఎం ఛానెల్ నెలంతా దెయ్యాలతోనే కాపురం చేస్తుంది. మిగతా ఛానెళ్లూ యాప్‌లూ అటక మీది సరుకంతా దులిపి కిందికి దించుతాయి.

మా ఆవిడది తెనాలి. దెయ్యం ఎదురొస్తే ఊరూ పేరూ అడిగి కాఫీ ఇచ్చే రకం. ఆవిడకీ, తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయికీ ఈ సీజనంటే ప్రాణం. శనివారం రాత్రి భోజనాలయ్యాక లైట్లార్పి సోఫా ఎక్కేస్తారు. ఈ ఏడు మా అత్తగారు కూడా వచ్చి ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్న రోజుల్లో, కరెంటు పోయిన రాత్రి, ఇంట్లో ఒక్కతే కూర్చుని లాంతరు వెలుగులో చదివిన గుండె అది.

‘భయమేస్తే లేచి పడుకోవచ్చుగా’ అంటారు మీరు. భార్యా, కూతురూ, పైగా అత్తగారూ కూర్చున్న గదిలోంచి భయమేస్తోందని చెప్పి లేచిపోయిన మగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేనూ లేస్తాను.

అందుకని ఎత్తు వేశాను. ‘పెడితే పాతవే పెట్టండి. కొత్త సినిమాల్లో నెత్తురు తప్ప కళ ఏముంది?’ అన్నాను, కళ మీద నాకేదో బెంగ ఉన్నట్టు. లోపలి లెక్క వేరు. బ్లాక్ అండ్ వైటు, వందేళ్లకి దగ్గరపడ్డ సరుకు, అందులో దెయ్యానికి కూడా ఓపిక ఉండదని.

‘డ్రాకులా’ మొదలైంది. కోట నేలమాళిగలో శవపేటిక మూత మెల్లగా లేచి, సందులోంచి చెయ్యి బయటికొచ్చింది. సంగీతం లేదు. చడీచప్పుడూ లేదు. నాకు గొంతు తడారిపోయింది.

‘ఆ నేలమీద తిరిగేదేంటో చూశారా?’ అన్నాను గట్టిగా. ‘అర్మడిల్లో! అది అమెరికా ఖండాల జంతువు. ట్రాన్సిల్వేనియా కోటలో దానికేం పని? ఇంకోటి తెలుసా, ఇదే సెట్లలో పగలు ఇంగ్లీషు సినిమా తీసి, రాత్రిళ్లు వేరే నటులతో స్పానిష్ డ్రాకులా తీశారు. దర్శకుడు కూడా వేరే!’ ఆ సీను దాటేదాకా ఆగలేదు. దాటాక మంచినీళ్లు తాగాను.

‘ఏమ్మా, ఆ నల్లకోటాయన అల్లుడుగారికి చుట్టమా? ఇన్ని సంగతులు తెలుసు!’ అన్నారు అత్తగారు, ఎంతో గౌరవంగా.

తర్వాతి శనివారం ‘ఫ్రాంకెన్‌స్టైన్’. అదీ 1931దే. ఆ వికృతాకారం గుమ్మంలోంచి వెనక్కి నడుస్తూ వచ్చి, మెల్లగా ఇటు తిరుగుతుంది. తిరిగేలోపే నేను అందుకున్నాను: ‘అది బోరిస్ కార్లాఫ్. మేకప్ జాక్ పియర్స్. రోజుకి నాలుగు గంటలు పట్టేది. మొదట్లో పేర్లు వేసేటప్పుడు కార్లాఫ్ పేరుండాల్సిన చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టారు, అందుకే…’

అత్తగారు నా మాట వినడంలేదు. ‘అయ్యో, తలకి చుక్క నూనైనా పెట్టలేదు చూడు’ అంటున్నారు. ‘పుట్టించినవాడు దగ్గరికి తీసి ఇంత ముద్ద పెట్టొచ్చు కదా. కర్రలూ కాగడాలూ చూపిస్తే ఎవడికి మాత్రం కోపం రాదు?’ చెరువు గట్టున చిన్నపిల్ల దగ్గర అతను కూర్చుని నీళ్లలో పూలు వేసే చోట ఆవిడ కొంగుతో కళ్లొత్తుకున్నారు. నా నాలుగు గంటల మేకప్పు వివరం అక్కడే గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. చెప్పకేం, సినిమా చూసింది ఆవిడే.

నా గుట్టు రట్టయింది ‘సైకో’ దగ్గర. 1960, హిచ్‌కాక్. హీరోయిన్ స్నానాలగదిలోకి వెళ్లింది. నీళ్లు పడుతున్నాయి. తెర వెనక నీడ ఒకటి కదిలింది.

మా ఆవిడ పాప్‌కార్న్ గిన్నె పక్కన పెట్టి, అమ్మాయి చెవిలో ‘ఇప్పుడు ఎత్తుకుంటారు చూడు’ అంది.

ఎత్తుకున్నాను. ఏం చెయ్యను? నోరు నా చేతిలో లేదు. ‘ఆ నెత్తురు చాక్లెట్ సిరప్! బ్లాక్ అండ్ వైటు కదా, తెలీదు. ఆ కత్తి చప్పుడు కర్బూజాని పొడిచి రికార్డు చేసింది. ఈ ముక్కకే ఏడు రోజులు షూటింగు!’

తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు. సినిమా ఆపి మరీ నవ్వారు. ఆ తర్వాత మా ఆవిడ తీరిగ్గా చెప్పింది: ‘చిన్నప్పుడు మా వీధి చివర చింతచెట్టుండేది. చీకట్లో దాని కిందనుంచి రావాలంటే మా తమ్ముడు ఎక్కాలు చదువుతూ వచ్చేవాడు. పదమూడో ఎక్కం వినిపించిందంటే చెట్టు దగ్గరికొచ్చాడని ఇంట్లో అందరికీ తెలిసేది. మీ హిచ్‌కాకూ, చాక్లెట్ సిరప్పూ అదేనండీ.’

‘నాకు కళ మీద ఆసక్తి’ అన్నాను.

‘పదమూడో ఎక్కం మీదా?’ అంది మా అమ్మాయి.

ఆ మర్నాడు సాయంత్రం ఇంట్లోంచే ఆఫీసు కాల్‌లో ఉన్నాను. వెనక వంటింట్లో కస్సుమని ఒక చప్పుడు. మళ్లీ ఇంకోటి. నేను ‘అమ్మో’ అని కుర్చీలోంచి లేవడం, హెడ్‌సెట్ ఊడి పడడం ఒకేసారి జరిగాయి. అవతల మేనేజరు ‘ఆర్ యూ ఓకే?’ అంటున్నాడు. మా ఆవిడ కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ‘కర్బూజా ముక్కలు తింటారా?’ అంది. ఆవిడ మొహంలో కొంటెతనం మచ్చుకైనా లేదు. అదే నాకు అనుమానం.

ఇక నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ దాకా నిలబడింది. 1978 సినిమా, రంగుల్లో ఉంది, నా లెక్క ప్రకారం అసలు చూడకూడనిది. తెల్ల ముసుగువాడు పొదల పక్కన ఊరికే నిలబడి చూస్తుంటాడు. పరిగెత్తడు, అరవడు. పని చేసేవాణ్ణి భరించవచ్చుగానీ, ఊరికే నిలబడి చూసేవాణ్ణి ఎలా భరిస్తాం?

‘ఆ ముసుగు రెండు డాలర్ల లోపు సరుకు’ అన్నాను సన్నగా. ‘స్టార్ ట్రెక్ కెప్టెన్ కర్క్ ముసుగుకి తెల్లరంగు కొట్టారు. అంటే మనం భయపడుతున్నది విలియమ్ షాట్నర్‌ని చూసి.’

‘మనం కాదు’ అంది అమ్మాయి. ‘ఆ షాట్నరే విమానం రెక్క మీద దెయ్యాన్ని చూసే ఎపిసోడ్ కూడా ఉంది కదా, ట్విలైట్ జోన్‌లో, 1963. అది చూసినప్పట్నించి నువ్వు హైదరాబాద్ ఫ్లయిట్‌లో కిటికీ సీటు తీసుకోవడం లేదు. కాళ్లు చాపుకోవడానికని అమ్మతో అబద్ధం.’

పిల్లల్ని బాగా చదివించకండి. నా సలహా.

‘ఆ రాలిన ఆకులు కూడా ఉత్తవే, వసంతంలో కాలిఫోర్నియాలో తీశారు, రంగేసి పరిచి, సీనవగానే మళ్లీ ఏరుకునేవాళ్లు’ అని మనసులోనే చదువుకుంటూ పడుకున్నాను. అర్ధరాత్రి పెరట్లో ఆకుల గలగల. ఇవి రంగేసినవి కావు. ఎవరో ఆగి ఆగి తవ్వుతున్న చప్పుడు. మా ఆవిణ్ణి లేపలేదు, అంత పిరికివాణ్ణి కాను. ఆవిడ తనంతట తను లేచేలా రెండుసార్లు గట్టిగా దగ్గాను.

ఆవిడ టార్చి తీసుకుని, పెరటి తలుపు బార్లా తీసి, చెప్పులు వేసుకుని మరీ వెళ్లింది. నేను అత్తగారి చేతికర్ర పట్టుకుని ఫ్రిజ్ పక్కన కాపలా కాశాను. ఇంటి లోపలి భాగానికి కూడా ఒకరుండాలి కదా. బయట్నించి కేక వినిపించింది: ‘ఏమండీ, రండి! మీ ట్రాన్సిల్వేనియా వాళ్లొచ్చారు!’

అర్మడిల్లో. పురుగుల కోసం మా చిక్కుడు పాదు మొదలంతా తవ్వి పోస్తోంది. టార్చి వెలుగుకి నాకేసి ఒక్క చూపు చూసి, తీరిగ్గా కంచె కింద దూరిపోయింది.

మరుసటి వారం మా అమ్మాయి స్వెన్‌గూలీ షో పెట్టింది. మీ టీవీలో కూడా వస్తూనే ఉంటుంది, మీటీవీ ఛానెల్లో, శనివారం రాత్రి. రిచ్ కోజ్ అనే షికాగో ఆయన టోపీ పెట్టుకుని, కళ్లచుట్టూ నల్లరంగు పూసుకుని, పాత హారర్ సినిమా మధ్య మధ్యలో వచ్చి ఆ సినిమా గురించి నాలుగు సంగతులూ, రెండు పాచి జోకులూ చెబుతాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

‘చూశారా! సినిమా మధ్యలో మాట్లాడ్డం ఒక సంప్రదాయం! 1957లో యూనివర్సల్ వాళ్ల పాత భయానక చిత్రాలు 52 కలిపి ‘షాక్’ పేరుతో టీవీ స్టేషన్లకి అమ్మారు. అప్పట్నించే ఊరూరా ఇలాంటి వ్యాఖ్యాతలు పుట్టుకొచ్చారు. అది ఉద్యోగం! జీతమిస్తారు!’

‘జోకు బాగాలేకపోతే రబ్బరు కోళ్లతో కొడతారు కూడా, అదిగో’ అంది అమ్మాయి. నిజంగానే ఆయన మీద నాలుగువైపుల్నించీ కోళ్లు వచ్చి పడుతున్నాయి.

మంగళవారానికల్లా మా గుమ్మంలో పార్శిల్ దిగింది. పసుపుపచ్చ రబ్బరు కోడి, మెడ పట్టుకుంటే కీచుమంటుంది. ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. సినిమా నడుస్తుండగా నేను ఏ సంవత్సరమైనా, ఎవరి పేరైనా ఎత్తితే కోడి. అప్పీలు లేదు.

ఈ శనివారం ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. స్మశానంలో వాడు తూలుకుంటూ వచ్చినప్పుడు ఊరుకున్నాను. పాప్‌కార్న్ నోటినిండా కుక్కుకుని ఊరుకున్నాను. కిటికీ చెక్కల సందుల్లోంచి చేతులు లోపలికి చొచ్చుకొచ్చాయి. ఇంకా ఊరుకోవడం మనిషి వల్ల అయ్యే పనేనా?

‘ఈ సినిమా పేరు మార్చేటప్పుడు కాపీరైటు ప్రకటన వెయ్యడం మర్చి…’

కోడి వచ్చి నా చెవి మీద పడి కీచుమంది. అమ్మాయి వంటింట్లో ఉంది. మా ఆవిడ రెండు చేతులూ గిన్నెలో ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, మేడ మీద వడియాలకి కాపలా కాసి ఇన్నేళ్లూ కాకుల్ని తోలిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

‘ఆ కోడి కాస్త ఇటిస్తారా అల్లుడుగారూ’ అన్నారు మా అత్తగారు మర్యాదగా. ‘సినిమా ఇంకా చాలా ఉన్నట్టుంది.’