కుట్లు లెక్కపెట్టే కెప్టెన్లు

ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం బిజినెస్ జెట్ యాడ్-ఆన్ అమ్మే ప్రకటన ఏదైనా తీసి చదవండి. అమ్ముతున్నది విమానమో, సోఫా సెట్టో ఓ పట్టాన తేలదు. 4కే టెక్స్చర్లు, తోలు సీట్ల మీద చేత్తో కుట్టినట్టున్న కుట్లు, పైకీ కిందికీ జరిగే కిటికీ తెరలు, నొక్కితే బయటికొచ్చే మడత బల్ల, గ్యాలీలో కాఫీ మెషిన్. ఇంజన్ల ఊసు ఎక్కడో ఆరో పేరాలో ఒక్క ముక్క. ఆఖర్న లావుపాటి అక్షరాల్లో బిరుదు: 'స్టడీ లెవెల్', అంటే చూసి నేర్చుకోదగినంత నిజమని.

ఆ బిరుదు ఎవరిచ్చారని మాత్రం అడక్కూడదు. అమ్మేవాడే తనకు తాను ఇచ్చుకున్నాడు.

పైలట్లకు శిక్షణనిచ్చే అసలు సిమ్యులేటర్లకూ స్థాయిలున్నాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్లను 'ఎ' నుంచి 'డి' దాకా నాలుగు మెట్లుగా విడగొట్టింది. 'డి' మెట్టు ఎక్కాలంటే అసలు విమానం గాల్లో ఉన్నప్పుడు నమోదు చేసిన అంకెలు పక్కన పెట్టుకుని, టేకాఫ్ దూరం దగ్గర్నుంచి స్టాల్ దాకా ఒక్కొక్కటీ సరిపోల్చి చూపించాలి. ఒకసారి గట్టెక్కితే చాలదు, గడువు ప్రకారం మళ్లీ మళ్లీ పరీక్ష పెడతారు. మరి స్టడీ లెవెల్‌కో? పరీక్ష లేదు, పరీక్షాధికారి లేడు, కాబట్టి ఇంతవరకూ తప్పినవాడూ లేడు.

చెలామణిలో ఉన్న ఇంకో గొప్ప, ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేరుకు ఎఫ్ఏఏ ఆమోదం ఉందన్నది. అది సగం నిజం, అందుకే అంత బాగా అమ్ముడుపోతుంది. ఆమోదం ఒట్టి సాఫ్ట్‌వేరుకు రాదనీ, వృత్తి అవసరాల కోసం ఇచ్చే ప్రత్యేక లైసెన్సూ, ఆమోదం పొందిన కంట్రోళ్లూ కలిసిన మొత్తం పరికరానికే వస్తుందనీ దాన్ని తయారుచేసే లామినార్ రీసెర్చే దాపరికం లేకుండా చెబుతుంది. డైనింగ్ టేబుల్ అంచుకు జాయ్‌స్టిక్ బిగించుకున్న పెద్దమనిషికి ఆ ఆమోదంలో వాటా ఏమీ లేదు. అయినా ఆయన తన సాయంకాలపు ప్రయాణాలన్నీ లాగ్‌బుక్కులో రాసుకుంటూనే ఉంటాడు.

తప్పంతా దుకాణదారుడిదే అనుకుంటే అన్యాయం. కొనేవాడి కొలబద్ద కూడా అలాగే ఉంది. కాక్‌పిట్‌లో ఎన్ని స్విచ్చులు నొక్కుడుపడితే అంత నిజం అని అతని లెక్క. నొక్కగానే టక్కుమని చప్పుడొస్తే పరమానందం. ఆ స్విచ్ వెనకాల ఏదైనా వ్యవస్థ ఉందా, లేక చప్పుడు ఒక్కటే ఉందా అన్నది అతనికి పట్టదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ దొరకడం కష్టం. ఇంజన్ల నుంచి క్యాబిన్‌కు వచ్చే బ్లీడ్ ఎయిర్ కట్టేసినా లోపల గాలి ఒత్తిడి చెక్కుచెదరదు. ఒక పక్క ట్యాంకులో ఇంధనం ఖాళీ అవుతున్నా రెక్క ఒరగదు. జనరేటర్లు రెండూ ఆపేసినా తెరలన్నీ దీపావళిలా వెలుగుతూనే ఉంటాయి.

ఈ లోపలి సరుకు ఎంత ముఖ్యమైనదో ఒక్క ప్రమాదం చాలు చెప్పడానికి. 1999 అక్టోబరు 25న గోల్ఫ్ క్రీడాకారుడు పేన్ స్టీవర్ట్‌ను ఎక్కించుకుని లియర్‌జెట్ 35 ఒకటి ఫ్లోరిడాలోని ఒర్లాండో నుంచి డల్లాస్‌కు బయల్దేరింది. దారిలో క్యాబిన్ ఒత్తిడి పోయింది. ప్రాణవాయువు అందక లోపలున్న ఆరుగురూ స్పృహ తప్పారు. ఆటోపైలట్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. దాదాపు నాలుగు గంటలు ఎగిరి, ఇంధనం అయిపోయాక ఆ విమానం సౌత్ డకోటా పొలాల్లో కూలింది. ఒత్తిడి ఎందుకు పోయిందో దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చివరికీ తేల్చలేకపోయింది. బిజినెస్ జెట్ కాక్‌పిట్‌లో క్యాబిన్ ఆల్టిట్యూడ్ (లోపలి గాలి ఒత్తిడి ఎంత ఎత్తుకు సమానమో) చూపించే ముల్లు విలువ అది. ఆ ముల్లును బొమ్మగా గీసి వదిలేసి, కాఫీ మెషిన్‌కు ఆవిరి పెట్టినవాడు దేన్ని 'స్టడీ' చేయమంటున్నాడో మరి.

చెక్‌లిస్టుల భక్తి ఇంకో ముచ్చట. ఇంటి కెప్టెన్ చెక్‌లిస్టును ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఒక్కో గీతా వేలు పెట్టి చదువుతాడు. నవ్వొచ్చినా, ఈ ఒక్క విషయంలో అతనికి దణ్ణం పెట్టాల్సిందే. 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జీ-4 టేకాఫ్‌కు పరిగెత్తింది. నిలిపి ఉంచినప్పుడు గాలికి రెక్కల మీదా తోక మీదా ఉన్న కంట్రోళ్లు కొట్టుకోకుండా వేసే గస్ట్ లాక్‌ను తీయడం పైలట్లు మరిచారు. విమానం లేవలేదు, రన్‌వే దాటిపోయి తగలబడింది, ఏడుగురూ చనిపోయారు. రికార్డర్ తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది: అంతకుముందరి 175 టేకాఫ్‌లలో ఆ సిబ్బంది కంట్రోళ్లను పూర్తిగా సరిచూసుకున్నది రెండంటే రెండుసార్లు. వేల గంటల అనుభవమున్న వృత్తి పైలట్లు వదిలేసిన పనిని, కుర్చీలో బనీనుతో కూర్చున్న ఔత్సాహికుడు ప్రతిరోజూ చేస్తున్నాడు. కానీ అతని యాడ్-ఆన్‌లో గస్ట్ లాక్ వేసి ఉన్నా విమానం చక్కగా లేస్తుంది. పాపం, అతని నిష్ఠంతా బూడిదలో పోసిన పన్నీరు.

బరువు సంగతి మరీ అన్యాయం. ఎనిమిది సీట్లు నిండా మనుషులు, ట్యాంకుల నిండా ఇంధనం, డిక్కీ నిండా గోల్ఫ్ కిట్లు పెట్టుకుని దేశాలు దాటడం ఇళ్లలో రోజూ జరిగే ముచ్చటే. నిజం జెట్లలో చాలావాటికి ఆ వైభవం లేదు. ట్యాంకులు నింపితే సీట్లు ఖాళీగా వదలాలి, సీట్లు నింపితే ఇంధనం తగ్గించుకోవాలి. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ లెక్కే. 2005 ఫిబ్రవరి 2న న్యూయార్క్ పక్కనున్న టెటర్‌బరోలో ఒక ఛాలెంజర్ 600 ఎంత లాగినా ముక్కు ఎత్తలేదు. బరువు పరిమితిని దాటి ముందుకు పడటమే కారణం. అది రన్‌వే చివర్నుంచి దూసుకెళ్లి, హైవే దాటి, ఎదురుగా ఉన్న గోడౌన్‌ను గుద్దుకుంది. సిమ్యులేటర్‌లో అయితే బరువుల స్లైడర్‌ను ఆ చివర్నుంచి ఈ చివరికి జరిపినా చలించని స్థితప్రజ్ఞులు చాలామంది ఉన్నారు, విమానాల్లో.

ఇక మనుషుల లెక్క. ఛాలెంజర్ 650, సైటేషన్ లాంగిట్యూడ్ వంటి పెద్ద జెట్లకు ఇద్దరు పైలట్లు ఉండి తీరాలి. ఇంట్లోనేమో ఒక్కడే. కుడివైపు సీటు ఖాళీ. రేడియో ఆయనే, ఫ్లాపులూ ఆయనే, చెక్‌లిస్టు చదివేదీ ఆయనే, 'చెక్' అని బదులిచ్చేదీ ఆయనే. వాస్తవికత కోసం వంద డాలర్లు ధారపోసినవాడు విమానం తలుపు మూయకముందే నిబంధన ఉల్లంఘించాడు. సైటేషన్ సీజే4, ఫీనమ్ 300, హోండాజెట్, సిరస్ విజన్ జెట్ ఒంటరి పైలట్‌కు అనుమతి ఉన్న విమానాలు. నిజం మీద అంత మమకారమే ఉంటే ముందు ఈ వరసలో వెతుక్కోవాలి. కానీ చిన్న జెట్ కొంటే స్క్రీన్‌షాట్‌కు అందం రాదట.

ఏ దుకాణమూ ఇంతవరకూ అమ్మని వాస్తవికత ఒకటుంది: వెనక సీట్లో కూర్చున్న ఆసామి. 2001 మార్చి 29 సాయంత్రం కొలరాడోలోని ఆస్పెన్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ 3 ఒకటి రన్‌వే చేరకుండానే కొండవాలుకు కొట్టుకుంది. 18 మంది పోయారు. చీకటి పడుతోంది, మంచు కురుస్తోంది. ఎలాగైనా అక్కడే దిగాలని చార్టర్ తీసుకున్న పెద్దమనిషి నుంచి వచ్చిన ఒత్తిడి కూడా ప్రమాదానికి దోహదం చేసిందని ఎన్‌టీఎస్‌బీ రాసింది. బిజినెస్ జెట్ పైలట్ ఉద్యోగంలో సగం అదే: డబ్బు పెట్టినవాడికి 'కుదరదండీ' అని చెప్పడం. ఇంటి కెప్టెన్‌కు ఆస్పెన్ అంటే వీడియో తీసుకునే చోటు. కొండను గుద్దితే మళ్లీ మొదలుపెడతాడు, ఈసారి వాతావరణాన్ని 'నిర్మలం' చేసుకుని.

వాన రన్‌వేలూ పరాయి దేశాల సొత్తు కాదు. 2023 సెప్టెంబరు 14న విశాఖపట్నం నుంచి ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 ఒకటి జడివానలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకుపోయి రెండు ముక్కలైంది. ఎనిమిది మందీ బతికి బయటపడ్డారు. ఆ ప్రయాణాన్నే ఇంట్లో ఎగిరి చూసేవాళ్లకు వానచుక్కలు అద్దం మీద అద్భుతంగా జారతాయి. కొన్ని యాడ్-ఆన్‌లలో తడి మాత్రం ఆ అద్దం దగ్గరే ఆగిపోతుంది, బ్రేకుల దాకా రాదు.

అందరినీ ఒకే గాటన కట్టడం కూడా తగదు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌తో పాటే సీజే4 వచ్చింది. మొదట్లో దాని ఫ్లైట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థ అరకొరగా ఉండేది. వర్కింగ్ టైటిల్ అనే ఔత్సాహికుల బృందం కూర్చుని దాన్ని అసలు సీజే4లో ఉండే కాలిన్స్ ప్రో లైన్ 21కు దగ్గరగా తిరగరాసి, ఊరికే పంచిపెట్టింది. ఆ పనితనం చూసి మైక్రోసాఫ్టే 2021లో వాళ్లను కలుపుకుంది. మరో కొసన ఎక్స్-ప్లేన్ కోసం 2022లో వచ్చిన హాట్ స్టార్ట్ వారి ఛాలెంజర్ 650 ఉంది. వంద డాలర్లకు పైనే వసూలు చేస్తుంది, కానీ ఆ డబ్బు సర్క్యూట్ బ్రేకర్ల దాకా వెళ్లింది. నిన్న ఆ విమానాన్ని ఏ స్థితిలో వదిలారో ఇవాళ అదే స్థితిలో ఉంటుంది. ఉచితమైనది ఒకటి, ఖరీదైనది ఒకటి. రెండూ మంచివే అయ్యాయంటే నాణ్యతకు కొలత ధర కాదన్నమాట. మరి ఆ పనితనాన్ని కొన్నవాళ్లలో ఎందరు రన్‌వే మీద ఇంజన్లు ఆన్ చేసి ఉన్న స్థితి నుంచే మొదలుపెడుతున్నారో లెక్క తీస్తే, తయారుచేసినవాళ్లకు కన్నీళ్లొస్తాయి.

డౌన్‌లోడ్ సరుకును చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. కాబట్టి డబ్బు కట్టకముందే, ఆ యాడ్-ఆన్‌ను ఎవరైనా నడిపి చూపించిన వీడియో వెతికి నాలుగు సంగతులు గమనించాలి. ముప్పై వేల అడుగుల పైన బ్లీడ్ ఎయిర్ ఆపితే క్యాబిన్ ఆల్టిట్యూడ్ పెరిగి హెచ్చరిక మోగుతోందా? సముద్రమట్టానికి 1,700 అడుగుల పైనున్న బేగంపేటలో, మే నెల 42 డిగ్రీల ఎండలో, నిండు బరువుతో పరిగెత్తిస్తే టేకాఫ్ దూరం చలికాలపు ఖాళీ విమానం కంటే బాగా పెరుగుతోందా? ఫ్లైట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థలో హోల్డింగ్ (గాల్లో ఒకే చోట చుట్లు కొడుతూ ఆగడం) పెడితే విమానం ఆ చుట్లు తిరుగుతోందా, లేక తిన్నగా ఊరు దాటిపోతోందా? జనరేటర్లు పోతే బ్యాటరీ మీద బతకాల్సిన తెరలే బతుకుతున్నాయా? నాలుగింట్లో రెండు తప్పినా అది బొమ్మే. బొమ్మను బొమ్మ ధరకు కొనడంలో తప్పేమీ లేదు, ఇరవై డాలర్లకు కొని హాయిగా ఆడుకోవచ్చు. స్టడీ లెవెల్ అని రాసి ఉందని ఎనభై కట్టొద్దు.