ఉద్దానంలో సుస్థిరబాబు

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పలాసలో ఆగినప్పుడు దిగిన జనంలో సుస్థిరబాబుని పోల్చుకోవడం చాలా తేలిక. వలస కూలీ నెత్తిన మూట ఉంటుంది. కొత్త అల్లుడి చేతిలో స్వీటు డబ్బా ఉంటుంది. సుస్థిరబాబు భుజాన గుడ్డసంచీ, నడుముకి స్టీలు సీసా, జేబులోంచి తొంగిచూసే వెదురు టూత్‌బ్రష్షు, దాని పక్కనే స్టీలు స్ట్రా ఉంటాయి. స్ట్రా కొబ్బరిబొండాం కోసం. ఉద్దానంలో బొండాం ఎత్తి గటగటా తాగేస్తారని అతనికి తెలీక కాదు. అతను పుట్టింది వజ్రపుకొత్తూరు మండలంలోనే.

రేషన్ కార్డులో వేరే పేరుంది. ఇది ఊరి కుర్రాళ్ళు పెట్టింది. పొట్ట చేతపట్టుకుని ఊరొదలడం ఉద్దానం కుర్రాళ్ళకి కొత్త కాదు. ఒకడు ఓడరేవుకి పోతాడు, ఒకడు మేస్త్రీ వెనకాల పోతాడు, ఇతను హైదరాబాదులో కంప్యూటరు ముందుకి పోయాడు. మిగతావాళ్ళు పండక్కి ఇంటికొస్తారు. సుస్థిరబాబు మాత్రం ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని, మార్చి నెలలో, స్థానిక సంస్కృతిని అనుభవించడానికి వస్తాడు.

కారు మాట ఎత్తితే పాపం. అందుకని కాశీబుగ్గలో షేర్ ఆటో ఎక్కారు. లోపల అప్పటికే తొమ్మిదిమంది, రెండు కోళ్ళు, ఒక గ్యాసు సిలిండరు. ఒక్కో తలకి ఎంత పొగ పడుతుందో లెక్కగట్టి, ఇంత పొదుపైన బండి ఐరోపాలో కూడా లేదని సుస్థిరబాబు ప్రకటించాడు. డ్రైవరుకి ఆ మాట నచ్చింది. "అలగైతే ఇంకో ఇద్దర్ని ఎక్కించీమంటారా బాబూ?" అన్నాడు.

జీడిపప్పు దుకాణం దగ్గర చిక్కొచ్చిపడింది. వంద కిలోమీటర్ల లోపల పండిందే తినాలని అతని నియమం. పలాస పప్పుకి ఆ బెంగ అక్కర్లేదనుకుని రెండు గుళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. షావుకారు నిజాయితీపరుడు కావడం అతని ఖర్మ. "మన తోటల పిక్క మిల్లులకి ఏడాదంతా సాలదు బాబూ. ఆఫ్రికా నుంచి ఓడల మీద కూడా వొస్తాది" అన్నాడు. అసలు ఆ చెట్టే బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు మోసుకొచ్చిందని స్నేహితుడొకడు ఫోన్లో చూసి చదివాడు. గుళ్ళు నోటికీ డబ్బాకీ మధ్య ఆగిపోయాయి. లోపల పొట్టు తీస్తున్న ఆడవాళ్ళు ఈ మౌనవ్రతం వింతగా చూశారు. ఎనభై కిలోల పిక్కల బస్తాని ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, ఒలిచి, గుండూ బద్దా ఏరితే దక్కే పప్పు ఇంచుమించు నాలుగో వంతు. పిక్క కోసే చేతులకి జీడి అంటి వేళ్ళు నల్లబడతాయి. అలాంటి వేళ్ళున్న ఒకావిడ, "తినీ నాయనా, పిక్క ఎక్కడిదైతేనేటి, ఒలిసింది మేమే కదా" అంది. సుస్థిరబాబు తినేశాడు. నియమానికి ఆ పూట సెలవు.

మర్నాడు టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళారు. అక్కడ చింతచెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. సుస్థిరబాబు చెప్పులు చేత్తో పట్టుకుని, గుసగుసగా మాట్లాడుతూ, మునివేళ్ళ మీద నడిచాడు. ఆ పక్కనే ఒకాయన ఆవుని గొంతు చించుకుని అదిలిస్తున్నాడు. పక్షులు ఇద్దరినీ పట్టించుకోలేదు. సైబీరియా నుంచి వచ్చాయని ఆయన గర్వంగా చెప్పబోతే మనవాడు అడ్డుపడి, ఈ రకం పెలికాన్ దక్షిణాసియాదేననీ సైబీరియా మొహం చూడలేదనీ దిద్దాడు. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఎక్కడివైతేనేటి బాబూ, పురుటికి మా ఊరే వొస్తన్నాయి. పురుటికొచ్చిన ఆడపిల్లని ఏ ఊరి కోడలివని అడుగుతామేటి?" అన్నాడు. పక్షులొస్తే ఊరికి మంచిదని నమ్మి, కొమ్మ నరక్కుండా, రెట్టల కంపు భరించి, ఆ ఊరు వాటిని కాచుకుంటోంది. దానికి పర్యావరణ బాధ్యత అని పేరుందని సుస్థిరబాబు వివరించాడు. పెద్దాయన విని, ఆవుని తోలుకుపోయాడు.

అసలు సంగ్రామం వంటింట్లో. హైదరాబాదు దొరబాబులొచ్చారని అమ్మ చికెన్ బిర్యానీ వండి, కాశీబుగ్గ నుంచి ఐస్‌క్రీము తెప్పించింది. సుస్థిరబాబు నీరసపడిపోయాడు.

"అమ్మా, వీళ్ళు చోడంబలి తాగడానికి వచ్చారే."

"సుట్టాలకి అంబలెడతామేట్రా? ఊరు ఉమ్మేత్తాది."

ఆమె ఆశ్చర్యంలో న్యాయముంది. బడికెళ్ళే రోజుల్లో అంబలి వద్దు, ఇడ్లీ కావాలని నేలమీద దొర్లి ఏడ్చినవాడు ఇతనే. ఇప్పుడు అదే చోడిపిండిని నగరంలో గాజుగ్లాసులో కొనుక్కుని తాగుతున్నాడు. చివరికి ఆమె ఓడిపోయింది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పెరడంతా పడగొట్టగా మిగిలిన ఒకే ఒక్క పనసచెట్టు నుంచి లేతకాయ కోసి, పొట్టు కొట్టి, ఆవ పెట్టింది. నెత్తళ్ళు వేయించింది. అంబలిలోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇచ్చింది. స్నేహితులు మూడోసారి వడ్డించమన్నారు. ఆమె మొహంలో సిగ్గు పోయి అనుమానం మొదలైంది. పట్నంలో వీళ్ళకి తిండి పెట్టడం లేదా?

ఆ ఊపులో సుస్థిరబాబు ప్లాస్టిక్ మీద పడ్డాడు. మూలనున్న ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను చూపించి, పెరట్లో నుయ్యి పెట్టుకుని ఇదేమిటన్నాడు. అమ్మ గరిటె కింద పెట్టింది.

"మీ పెదనాన్న ఆ నూతినీళ్ళే తాగినాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస ఎల్తన్నాడు."

ఉద్దానం మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో నీళ్ళనీ, ఎండనీ, మందులనీ ఎందరు పరీక్షించినా, కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి తెరిచారు. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి గొట్టాల్లో తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. అయినా నుయ్యి మీద పోయిన నమ్మకం అంత తొందరగా తిరిగిరాదు. సుస్థిరబాబు మారుమాట్లాడకుండా స్టీలు సీసా క్యాను కింద పెట్టి నింపుకున్నాడు.

ఊరుకుంటే అతను సుస్థిరబాబు ఎందుకవుతాడు? రాత్రికి కొత్త పథకం తయారైంది. ఇంటిని హోంస్టే చెయ్యాలి. అతిథికి రోజుకింత, అంబలికింత, పనసపొట్టుకింత. డబ్బు బయటికి పోకుండా ఊళ్ళోనే తిరగాలి. అమ్మ శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

"అంబలికి నూటేభై అయితే, నువ్వు పద్దెనిమిదేళ్ళు తిన్నదానికి ఎంతైందిరా?"

అతను నవ్వేసి, జేబులోంచి ఫోను తీశాడు.

"డబ్బులొద్దు. తోటలో జీడి రాల్తంది, కూలోళ్ళు దొరకడం లేదు. తెల్లారి ముగ్గురూ రండి, పండు నుంచి పిక్క తుంచాలి."

ఇలాంటి అనుభవం కోసమే వచ్చామని స్నేహితులు చప్పట్లు కొట్టి, తెల్లారి సేంద్రియ పత్తితో నేసిన తెల్లచొక్కాలు తొడుక్కుని తయారయ్యారు. అమ్మ వాళ్ళని ఎగాదిగా చూసింది. జీడిపండు రసం మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. లోపలికెళ్ళి పెదనాన్న పాత లుంగీలు మూడు తెచ్చి, తలా ఒక బుట్టతో పాటు చేతిలో పెట్టింది.