ఇదే మొదటిది

కోనసీమలో ఓ ఊరు. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్న కుర్రాడు సంచీలోంచి బీపీ మిషను తీస్తున్నాడో లేదో, అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మగారు చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపేశారు.

"చుట్ట మానేశానండి. ఉప్పంటారా, ఊరగాయలో ఎంతుంటే అంతేనండి. మా ఆయన గుండెపోటుతోనే పోయారు. ఇంకేవన్నా చెప్పాలాండి?"

"నేనింకా ఏమీ అడగలేదు మామ్మగారూ!"

"మీ ముందొచ్చినోళ్ళు అడిగారు కదండీ. ఆళ్ళ ముందొచ్చినోళ్ళూ ఇయ్యే అడిగారు."

కుర్రాడు బుద్ధిమంతుడు. ఆ సాయంత్రమే రాజమండ్రి తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూచున్నాడు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు. ఏడాదిలో 1,354 మరణాలు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎలా పోయారో ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకున్నారు. మూడోవంతుకి దగ్గరదగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బులే. ఇదంతా 2006లోనే అచ్చయి ఉంది. తను కొత్తగా కనిపెట్టబోయేది పెద్దగా ఏమీ లేదు.

తవ్వేకొద్దీ ఇంకో సంగతి దొరికింది. గుండెపోటు వచ్చినవాళ్ళని స్ట్రెప్టోకైనేజ్ అనే మందు కాపాడుతుందా అని 1959 నుంచి 1988 దాకా 33 ట్రయల్స్ చేశారు. ఒక్కో ఫలితం వచ్చినప్పుడల్లా పాతవాటితో కలిపి చూసుకుంటూ పోయి ఉంటే 1973కే, ఎనిమిదో ట్రయల్‌తోనే, కాపాడుతుందని తేలిపోయేదని 1992లో లెక్కగట్టి చూపించారు. అప్పట్లో అలా ఎవరూ కలిపి చూడలేదు. ఆ తర్వాత ఇంకో 25 ట్రయల్స్, 34 వేల పైచిలుకు రోగులు. వాళ్ళలో మందు పడని వాటాలోకి వెళ్ళినవాళ్ళని తల్చుకుంటే కుర్రాడికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి గైడు దగ్గరికెళ్ళాడు.

"సర్వే వద్దు సార్. ఉన్న అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి, కొత్తది వచ్చినప్పుడల్లా కలుపుకుంటూ పోయే లివింగ్ రివ్యూ చేస్తాను. ఇక మీదట ఎవరూ చేసిందే చెయ్యక్కర్లేదు."

గైడు గొణిగి గొణిగి ఒప్పుకున్నారు. సర్వేకైతే గ్రాంటొస్తుంది, చదువుకోడానికి ఎవరిస్తారు పాపం!

ఏడాది తిరిగింది. రాజమండ్రిలో సదస్సు. ఏసీ హాలు, కాజాల పొట్లాలు, వెనక వరసల్లో కునికిపాట్లు. కుర్రాడిది మూడో వంతు.

మొదట మాట్లాడినమ్మాయి తెర మీద స్లైడు వేసింది: "గ్రామాల్లో రక్తపోటు: చేసిన పరిశోధనే మళ్ళీ ఎందుకు? ఒక లివింగ్ రివ్యూ."

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. రెండో అబ్బాయి లేచాడు. శీర్షికలో రెండు మాటలు అటూ ఇటూ, అంతే తేడా. తన వంతు వచ్చేసరికి మనవాడికి ఏసీలోనూ చెమటలు. ముగ్గురూ స్ట్రెప్టోకైనేజ్ కథే చెప్పారు. ముగ్గురూ "ఈ అంశం మీద ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది" అంటూనే ముగించారు. ఎవరు ఏ రివ్యూ మొదలుపెట్టారో ముందే నమోదు చేసుకునే ప్రాస్పెరో అనే రిజిస్టరు 2011 నుంచీ ఉంది. చూడ్డానికి పైసా ఖర్చు లేదు. పని మొదలుపెట్టే ముందు అందులో వెతకాలన్న సలహా ముగ్గురి స్లైడ్లలోనూ ఉంది.

వృథా పరిశోధనని అరికట్టే కృషికిగాను ముగ్గురికీ తలో మెమెంటో ఇచ్చారు.

ఫొటోలయ్యాక అధ్యక్షుల వారు మనవాణ్ణి భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళారు.

"మంచి టాపిక్కు పట్టావు నాన్నా. మా అమ్మాయి ఈ ఏడే పీజీలో చేరింది. తనకీ ఇదే ఇప్పిద్దామనుకుంటున్నాను. నీ ఫైలు ఓసారి వాట్సాప్ చెయ్యి. నువ్వన్నట్టు మళ్ళీ మొదట్నించీ చెయ్యడం ఎందుకు, పేరు ఒక్కటీ అప్‌డేట్ చేసుకుంటుంది."