రైటరుగారి భూప్రదక్షిణం

రైటరుగారికి పాస్‌పోర్టు లేదు. ఉండుంటే పేజీలు చాలక ఈపాటికి అరడజను సార్లు మార్పించాల్సి వచ్చేది. ఆయన ఉండేది తెనాలి. ఊరి మధ్యనుంచి మూడు కాలవలు పారడం వల్లనో, కళలు పారడం వల్లనో దీనికి ఆంధ్రా ప్యారిస్ అని ఎవరో ఎప్పుడో పేరు పెట్టారు. ఆ పేరు పుణ్యమా అని అసలు ప్యారిస్ ఖర్చు ముందే మిగిలిపోయిందంటారాయన. తక్కిన ప్రపంచాన్ని మాత్రం వరండాలో పడక్కుర్చీలో కూచుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పూటకో మజిలీ చొప్పున చుట్టేశారు.

ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. మీరు బెంగుళూరు వెళ్ళొచ్చానంటే వాళ్ళు వినిపించుకోరు. లండన్ వెళ్ళొచ్చానంటే మాత్రం వెంటనే “ఏ వీధి?” అంటారు. ఆ వీధి సంగతి వాళ్ళకి తెలుసు. మీకు తెలియదు.

మా రైటరుగారి ప్రత్యేకత వృత్తి వల్ల వచ్చింది. ముప్పయ్యేళ్ళు సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాశారు. ఆ పనిలో మనుషులు ఎలాంటివాళ్ళైనా ఫరవాలేదు, హద్దులు సరిగ్గా ఉండాలి. అమ్మేవాడు ఏడుస్తూ అమ్ముతున్నాడా, కొనేవాడు అప్పు చేసి కొంటున్నాడా అన్నది కాగితం మీదికి ఎక్కదు. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది, పడమర ఎవరి గోడ, ఉత్తరాన ఎవరి రాకపోకల బాట, ఇంతే కావాలి. పని మానేశాక నవలలకీ అదే పద్ధతి పెట్టారు. కథానాయిక ఎందుకు ఏడుస్తోందో ఆయనకి అనవసరం. ఏ వైపు కిటికీ దగ్గర నించుని ఏడుస్తోందో తేలాలి.

దోస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ చదివి ఆయన రాసుకున్న హద్దుల షెడ్యూలు నేను చూశాను. రూళ్ళ పుస్తకంలో, నీలం సిరాతో. పీటర్స్‌బర్గు ఉరఫ్ పెట్రోగ్రాడు ఉరఫ్ లెనిన్‌గ్రాడు, తిరిగి పీటర్స్‌బర్గు పట్టణమందు, ఐదంతస్తుల మేడ పైకప్పు కింద, ఆరు అంగలు వేస్తే అయిపోయే గది ఒకటి. గోడలకు పసుపుపచ్చ కాగితం. దిగువన ఇంటావిడ వంటిల్లు. రాకపోకలు సదరు వంటింటి గుమ్మం ముందు నుంచే. ఊరి పేరు 1914లో, 1924లో, 1991లో మారింది కనక మూడింటికీ లింకు డాక్యుమెంట్లు చూడవలెనని పక్కన మార్జిన్లో ఒక సూచన. ఆ గదిలో అద్దెకున్న రాస్కల్నికోవ్ అనే కుర్రాడు గొడ్డలితో చేసిన పని మాత్రం ఎక్కడా లేదు.

“హత్య సంగతి రాయలేదేం బాబాయిగారూ?” అన్నాను.

“అది స్థిరాస్తి కాదుగా!” అన్నారు.

ఆ కుర్రాడి వీధి గుమ్మం నుంచి తాకట్టు వ్యాపారం చేసే ముసలమ్మ ఇంటికి సరిగ్గా 730 అడుగులని నవల్లోనే ఉంది. దోస్తోయెవ్‌స్కీ అంత కచ్చితంగా చెప్పాక రైటరుగారు ఊరుకోగలరా? తన గుమ్మం నుంచి 730 అడుగులు నాలుగు దిక్కులా నడిచి చూశారు. తూర్పుకి వెళ్తే కాలవలో దిగాల్సి వచ్చింది. ఉత్తరాన పెళ్ళి పందిరి అడ్డమొచ్చి లెక్క తప్పింది. పడమరకి నడిస్తే మాత్రం బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసు మెట్ల దగ్గర ఏడు వందల ముప్పయ్యో అడుగు పడింది. “అడుగులు కాస్త చిన్నవి వెయ్యాలనుకో” అని నా దగ్గర ఒప్పుకున్నారు గానీ, ఆనందం పట్టలేక మర్నాడూ వెళ్ళారు, ఆ మర్నాడూ వెళ్ళారు. పెదవులు కదుపుతూ వచ్చి, మెట్ల దగ్గర ఆగి, లోపలికి తొంగి చూసి, ఏమీ తాకట్టు పెట్టకుండా వెనక్కి తిరిగే పెద్దమనిషిని చూసి వాచ్‌మన్ ఆయన పేరూ ఇంటి నెంబరూ రాసుకున్నాడు.

ప్రయాణాలకి ఆయన కార్తెలూ మాసాలూ చూస్తారు. రోహిణిలో రష్యా, మాఘంలో బాగ్దాదు. రోళ్ళు పగిలే ఎండలో కరెంటు పోయిందంటే పుష్కిన్ ‘కెప్టెన్ కూతురు’ తీసి, ఓరెన్‌బర్గు మైదానంలో మంచు తుఫాను లేచే చోట తెరుస్తారు. కాసేపటికి తువ్వాలు భుజాల మీదికి లాక్కుంటారు. ఈ వైద్యం ఒక్కసారే వికటించింది. చల్లగా ఉంటుంది కదా అని మే నెలాఖర్లో ‘నేరము-శిక్ష’ మొదలుపెడితే, తొలి వాక్యంలోనే జులై ఎండ మండిపోతోంది. పేజీ తిప్పితే దుమ్ము, సున్నం, ఉక్కపోత. రష్యా వెళ్ళింది ఇందుకా అని పుస్తకం మూసేసి, వర్షాలు పడేదాకా మళ్ళీ ముట్టుకోలేదు.

రష్యా మీద ఆయనకంత చనువుండటానికి కారణం ఉంది. ఆ రోజుల్లో అది చవక. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల వాళ్ళు తెలుగులోనే అచ్చువేసి పంపిస్తే, విశాలాంధ్ర వాళ్ళు ఊరూరా అమ్మేవారు. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివాళ్ళు మాస్కోలో కాపురం పెట్టి మరీ అనువాదాలు చేశారు. దళసరి అట్ట, తెల్లటి కాగితం, ధర చూస్తే సిగ్గేసేంత తక్కువ. దాంతో ఒక తరం తెలుగువాళ్ళకి పొరుగు జిల్లా కన్నా సమోవారు బాగా తెలిసిపోయింది. తెనాలి నుంచి రేపల్లె ఎంత దూరమో చెప్పలేనివాళ్ళు కూడా వెర్‌స్టు అంటే కిలోమీటరు కన్నా కాస్త ఎక్కువని ఠక్కున చెప్పేవారు. 1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు ప్రపంచమంతా ఏవేవో విశ్లేషణలు చేసింది. రైటరుగారి దిగులు ఒక్కటే, ఇక ఆ ధరకి టిక్కెట్టు దొరకదు.

ఇలా కుర్చీలోంచే ఊళ్ళు తిరిగే జాతిలో శాఖలు లేకపోలేదు. శరత్ బెంగాలీ నవలల శాఖ వాళ్ళు హౌరాలో దిగి ఏ తలుపు తట్టినా, తెల్లచీర కట్టుకున్న ఆవిడెవరో వచ్చి అన్నం తినేదాకా కదలనివ్వదని నమ్ముతారు. శరత్‌ని తెలుగు చేసిన చక్రపాణిగారిది తెనాలే కావడంతో మా ఊళ్ళో ఈ శాఖ మరీ బలం. గచ్చిబౌలి వైపు కొత్త శాఖ ఒకటి పుట్టింది. వాళ్ళది స్వీడన్. ఇస్టాడ్ అని సముద్రం ఒడ్డున చిన్న ఊరుందట, హెన్నింగ్ మాంకెల్ డిటెక్టివు నవలలు చదివి ఆ ఊరి జనాభాలో సగం శవాలనీ సగం పోలీసులనీ తేల్చుకున్నారు.

రైటరుగారి భార్య, మేం పిన్నిగారంటాం, ఈ విద్యకి పూర్తిగా వ్యతిరేకం. ఆవిడకి వెళ్ళడమే ప్రయాణం. యాత్రా బస్సు సందు చివర హారను కొడితే చాలు, చింతకాయ పచ్చడి సీసాతో సహా ఎక్కేస్తారు. రామేశ్వరం, పూరీ, ద్వారక అలాగే అయ్యాయి. కాశీకి మాత్రం ఆయన్ని కూడా రమ్మని బతిమాలారు. “నేను వెళ్ళొచ్చాగా” అన్నారాయన. ఎప్పుడంటే 1830లో. ఏనుగుల వీరాస్వామయ్యగారితో. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆ మహానుభావుడు 1830 మే నెలలో పల్లకీ ఎక్కి బయల్దేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని మరుసటేడు సెప్టెంబరుకి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట. ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయో, అంగళ్ళలో ఏం దొరుకుతుందో, ఏరు దాటడం ఎలాగో అన్నీ రాశారు. ‘కాశీయాత్ర చరిత్ర’గా అది 1838లో అచ్చయింది. రైటరుగారి దృష్టిలో తెలుగులో అసలైన రచయిత అంటే ఆయనే. హద్దులు తెలిసిన మనిషి.

పిన్నిగారు పన్నెండు రోజుల్లో మోకాళ్ళ నొప్పులతో, గంగ చెంబుతో తిరిగొచ్చారు. గుడి దగ్గర సందులెలా ఉన్నాయని ఈయన అడిగారు. సందుల్లేవు, కొట్టేసి గంగ దాకా పెద్ద దారి వేశారు, హాయిగా ఉందన్నారావిడ. 2021లో ప్రారంభమైన ఆ కారిడారు వార్త పేపర్లో వచ్చినప్పుడు ఈయన నాగపూరు మజిలీలో ఉండి చూడలేదు కాబోలు, నిర్ఘాంతపోయారు. “వీరాస్వామయ్యగారు తిరిగిన సందులు ఎవర్నడిగి కొట్టేశారు?” అని ఆవిడ మీద ఎగిరారు.

ఆవిడ తొణకలేదు. “కాశీ వెళితే ఏదో ఒకటి వదిలేసి రావాలి కదా. నేను కాకరకాయ వదిలేశాను. మీ బాబాయిగారు ఆయన వెళ్ళినప్పుడే వదిలేసి వచ్చారు” అన్నారు నాతో.

“ఏం వదిలారు పిన్నిగారూ?”

“బజారుకెళ్ళడం.”

ఒక్కసారైనా అసలు చోటు చూడాలనిపించదా అని నేనొకసారి సాహసించి అడిగాను. ఆయన చాలాకాలంగా ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నారు. “రాసినవాళ్ళే వెళ్ళకపోతే చదివినవాణ్ణి నేనెందుకు వెళ్ళాలి?” అని అందుకున్నారు. జూల్ వెర్న్ ఇండియా గడప తొక్కలేదు. అయినా బొంబాయి నుంచి కలకత్తా పోయే రైలు పట్టాల్ని అలహాబాదుకి యాభై మైళ్ళ ఇవతల ఆపేసి, తన కథానాయకుడు ఫాగు దొరచేత 2,000 పౌన్లకి ఏనుగుని కొనిపించాడు. ఆ కథ పత్రికలో మొదలైంది 1872లో, పట్టాలు కలిసింది 1870లోనే. జర్మనీలో కార్ల్ మే అనే ఆయన అమెరికా రెడ్ ఇండియన్ల కథలు రాసి లక్షలమందిని ఊగించి, తీరిగ్గా 1908లో మొదటిసారి అమెరికా చూశాడు. ఇలా చెప్పుకుపోతున్నారు. పట్టాలుండగా ఏనుగుని కొనిపించడం మోసం కాదా అన్నాను. “చరాస్తి. స్టాంపు డ్యూటీ లేదు. ఎంతకైనా కొనుక్కోవచ్చు” అని కొట్టిపారేశారు.

కొడుకు లండన్లో ఉంటాడు. ఏటా రమ్మంటాడు. “ఆ పొగమంచులో నాకు ఆయాసం” అంటారీయన. “నాన్నా, ఆ పొగ 1952లో ప్రాణాలు తీస్తే 1956లో చట్టం చేసి వదిలించుకున్నారు” అని వాడు. “చట్టం చేస్తే పోతుందా? మనకి లేవూ చట్టాలు?” అని ఈయన. ఇక లాభం లేదని వాడు వెళ్ళి, షెర్లాక్ హోమ్స్ కాపురమున్న 221బి బేకర్ స్ట్రీట్ ముందు నిలబడి ఫోటో దిగి పంపాడు. బాగుంది అనలేదు. “పక్కిళ్ళ నెంబర్లు కనపడేట్టు మళ్ళీ తియ్యి” అని కబురు. తీశాడు. ఒక పక్క 237, ఇంకో పక్క 241.

ఆ రాత్రి రైటరుగారికి నిద్ర లేదు. మర్నాడు కొడుకు వివరాలు చెబుతుంటే ముఖంలో వెలుగు పెరుగుతూ వచ్చింది. కానన్ డాయిల్ రాసేనాటికి ఆ వీధిలో నెంబర్లు 221 దాకా లేనే లేవు. తర్వాత వీధి పొడుగై నెంబర్లు మారితే, 1932 నుంచి 219-229 చిరునామాలో ఒక బ్యాంకు లాంటి సంస్థ ఉండేది. హోమ్స్ పేరిట వచ్చే ఉత్తరాలకి జవాబులు రాయడానికి వాళ్ళు ఒక మనిషినే పెట్టుకున్నారు. కొడుకు ఫోటో దిగిన ఇంట్లో 1990లో మ్యూజియం తెరిచినవాళ్ళు ఆ ఉత్తరాలు మాకే రావాలన్నారు. ఏళ్ళ తరబడి తగువు. “లేని స్థలానికి హద్దులు రాసి, ఉన్నవాళ్ళని తన్నుకునేట్టు చేశాడంటే మా వృత్తిలో కూడా అంతటివాడు లేడు” అని కానన్ డాయిల్‌కి చేతులు జోడించారు. తర్వాత కోడలు వెరోనా వెళ్ళి జూలియట్ బాల్కనీ ఫోటో పంపింది. ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో తెచ్చి అతికించిందని విని, “ప్లాను అప్రూవలు లేకుండానే? బీపీఎస్‌లో జరిమానా కట్టారా?” అని అడిగారు. కట్టలేదని తెలిశాక ఇటలీ మీద గౌరవం కొంత తగ్గింది.

ఇలా ఉండగా ఎదురింటి కుర్రాడికి పీటర్స్‌బర్గులో మెడిసిన్ సీటొచ్చింది. ప్రయాణం ముందు రోజు వాడు ఆశీర్వాదానికి వస్తే రైటరుగారు తలుపు దగ్గరకి వేసి జాగ్రత్తలు చెప్పారు. అద్దె నెలనెలా కట్టెయ్యి, ఇంటావిడకి బాకీ పడ్డావో మెట్లు దిగడానికి కూడా భయపడాలి. వాచీ తాకట్టు పెట్టకు. జూన్ నెల తెల్లరాత్రుల్లో కాలవ గట్టున ఒంటరిగా నిలబడే అమ్మాయిని పలకరించకు, నాలుగు రాత్రుల్లో కొంప మునుగుతుంది. వాళ్ళమ్మ ఉల్లిపాయలూ కారప్పొడీ ఎంత కట్టాలన్న ఆలోచనలో ఉంది. ఈయన మాటలు వాడొక్కడే విన్నాడు.

మరుసటి జూన్‌లో ఒక రాత్రి వాడు వీడియో కాలు చేశాడు. ఫోను అదరకుండా పట్టుకోవడానికి నన్ను లేపుకొచ్చారు. ఇక్కడ ఒంటిగంట. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక, పదిన్నర, ఇంకా వెలుగుంది. గడ్డి సంత చౌకులో కూరగాయలకొచ్చాను, చూస్తారా తాతగారూ అన్నాడు. కూరలు ఎవరిక్కావాలి!

“ఆ పక్కన కాలవుండాలి, ఉందా? చిన్న వంతెన. దాటు. తిన్నగా పో. మూల మీద మేడ వస్తుంది.”

“మీరెప్పుడొచ్చారు తాతగారూ ఇక్కడికి?” అన్నాడు వాడు నడుస్తూ.

“చూసుకుని నడువు. బళ్ళొస్తాయి, గుర్రబ్బళ్ళు.”

మూల మీద మేడ వచ్చింది. గోడకి గడ్డం మనిషి శిల్పం కూడా ఉంది. దోస్తోయెవ్‌స్కీ. రైటరుగారు లేచి నించున్నారు. గేటుకి నెంబర్ల తాళం ఉందని వాడన్నాడు. “తాళం సంగతి తర్వాత. గేటు ఏ దిక్కు చూస్తోందో ముందు చెప్పు” అంటూ రూళ్ళ పుస్తకం తీశారు. వాడు ఫోన్లో దిక్సూచి వెతుకుతున్నాడు. ఇంతలో గేటు కిర్రుమని తెరుచుకుని, చేతిసంచీతో ఒక పెద్దావిడ బయటికొచ్చి, వాణ్ణి ఎగాదిగా చూసి రష్యన్‌లో గట్టిగా ఏదో అడిగింది.

“ఏమంటోంది తాతగారూ?”

“ఇంటావిడరా! అద్దె బాకీ అడుగుతోంది. వచ్చెయ్, వచ్చెయ్!”

కుర్రాడు పరుగందుకున్నాడు. వంతెన దాటేదాకా రైటరుగారు నా చేతిలో ఫోనుకేసి వంగి, వెనక్కి చూడొద్దని కేకలేస్తూనే ఉన్నారు.